ఊడ్చేసిన వరుస

ఉద్యోగ విరమణ తర్వాత కూడా నన్ను అప్పుడప్పుడు శిక్షణ తరగతులకు పిలుస్తుంటారు. కొత్తగా చేరిన వ్యవసాయాధికారులు ఇస్త్రీ మడత నలగని చొక్కాలతో కూర్చుంటారు. నేల గురించీ తెగుళ్ల గురించీ నేను చెప్పేదంతా వాళ్ల ఫోనుల్లో నాకంటే బాగా ఉంటుంది. అందుకని మర్యాదగా విని, చివర్లో ఒక్కటే అడుగుతారు. "సార్, ఆ యార్డు గలాటా అప్పుడు డ్యూటీలో ఉన్నది మీరే కదా? దాని వెనకాల ఎవరున్నారు?"

ప్రతి తరగతిలోనూ ఎవరో ఒకరు అడుగుతారు. అడిగే ముఖం మారుతుంది, ప్రశ్న మారదు. నోటితో చెప్పి చెప్పి విసుగొచ్చింది. రాసిపెడితే ఇంకోసారి చెప్పే పని తప్పుతుందేమోనని రాస్తున్నాను.

అది జిల్లాకు పడమటి వైపున్న ఒక మార్కెట్ యార్డు. ఏ ఊరో చెప్పను. చెబితే ఆ ఊరివాళ్లు తుంటరులనీ పక్క ఊరివాళ్లు బుద్ధిమంతులనీ అనుకుంటారు. నేను అక్కడికి విడపనకల్లు వైపు నుంచి బదిలీ మీద వచ్చాను. విడపనకల్లుది నల్లరేగడి. ఒక మంచి వాన పడితే తేమను కడుపులో దాచుకుంటుంది, రైతు కాస్త నింపాదిగా కదలవచ్చు. ఇక్కడిది ఎర్రనేల, సగం గులకరాళ్లు. వాన పడిన మర్నాడే మొహం తుడుచుకుంటుంది. విత్తడానికి సరిపోయే ఆ తడిని రైతులు పదును అంటారు. పదును మీద పడ్డ విత్తనం మొలుస్తుంది. పదును ఆరాక పడ్డది మట్టిలో కలుస్తుంది. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే తక్కిన కథ సులువు.

వెనకటి రోజుల్లో ఈ ప్రాంతపు రైతు విత్తనం కోసం ఎవరి గడపా తొక్కేవాడు కాదు. తన పంటలోనే నిండు కాయలు ఏరి అటక మీద దాచుకునేవాడు. వరసగా ఏళ్లకేళ్లు వేరుశనగ ఎండిపోయాక ఆ సంచులు ఒక్కొక్కటే కిందికి దిగాయి. కొందరు అమ్ముకున్నారు. కొందరు వేయించి పిల్లలకు పెట్టారు. అటక ఖాళీ అయిన ఏడాది నుంచి సర్కారు రాయితీ విత్తనం కోసం యార్డు ముందు నిలబడటం మొదలైంది. అంతకుముందు వాళ్లను రైతులనేవారు, అప్పటి నుంచి లబ్ధిదారులంటున్నారు.

నా సంగతి కూడా కొంత చెప్పాలి. నేను దేవుణ్ణి నమ్మను. కుర్రతనంలో హేతువాద సభల్లో, తాయెత్తులు కట్టేవాళ్లతో తెల్లవార్లూ చేసిన చర్చల్లో పెరిగాను. వాన కోసం కప్పలకు పెళ్లి చేస్తున్నారని తెలిస్తే పనిగట్టుకుని ఆ ఊరికి పోయి వాదించేవాణ్ణి. కారణం లేకుండా ఏదీ జరగదని, ఆ కారణం మన కళ్లెదుట ఉంటుందని, మంత్రగాడి సంచిలో ఉండదని చెప్పేవాణ్ణి. ఊరివాళ్లు ఓపిగ్గా విని, మజ్జిగ ఇచ్చి, తర్వాత కప్పలకు పెళ్లి చేసేవారు.

నా దగ్గర ఒక ఫీల్డు అసిస్టెంటు ఉండేవాడు. ముస్లిం, నాకంటే వయసులో పెద్ద, శుక్రవారం నమాజు తప్పనివాడు. నా వాదనలన్నీ విని ఒకసారి అన్నాడు. "మీకు దేవుడు లేడు సార్, నాకుండాడు. విత్తనం మాత్రం ఇద్దరి కాడా లేదు."

ఆ ఏడు విత్తనం ఆలస్యమైంది. ఫలానా వారం ఇస్తామని దండోరా వేయించాము, రైతులు వచ్చారు, లారీలు రాలేదు. ఇవాళ వస్తాయి, రేపు వస్తాయి అన్నాము. ఊరికి పోతే ఉన్న చోటు పోతుంది. ఎండలో నిలబడితే ప్రాణం పోతుంది. అందుకని వాళ్లు ఆ దిక్కున ఉన్న అలవాటు ప్రకారం చెప్పులు వరుసలో పెట్టారు. మనిషికి ఒక్క చెప్పు. రెండూ పెడితే ఎవడో తొడుక్కుని పోతాడు, ఒక్కటైతే దొంగకు కూడా పనికిరాదు. రెండోది సంచిలో వేసుకుని, ఎదురుగా ఉన్న బడి వసారాలో నీడకు చేరేవారు. చెప్పుల్లేనివాళ్లు రాయో, ముళ్లకంపో, సద్ది గిన్నె మూతో పెట్టారు. గోదాము తలుపు నుంచి గేటు దాటి రోడ్డు దాకా ఆ వరుస సాగింది. పోలీసు లేడు, చీటీ లేదు, తాడు లేదు. ఏ చెప్పు ఎవరిదో అందరికీ తెలుసు.

అందరికంటే బాగా తెలిసింది ఒకామెకు. కంబదూరు దిక్కు నుంచి వచ్చిన నడివయసు మనిషి. భర్త బెంగుళూరులో ఏదో కట్టడం దగ్గర కాపలా ఉంటాడు, సేద్యం ఈమెది. ఆమె చెప్పు నాకు ఇప్పటికీ గుర్తుంది. నీలం రబ్బరు చెప్పు, తెగిన పట్టీని ఎర్ర కరెంటు వైరుతో బిగించి కట్టింది. ఆమెను ఎవరూ నియమించలేదు. మొదటి రోజు ఇద్దరు కొట్టుకోబోతే అడ్డం పోయింది, అంతే. అప్పటి నుంచి తగవు వస్తే "అక్కను అడుగు" అనేవారు.

ఒక మధ్యాహ్నం ఒకతను తన చెప్పును గుట్టుగా ముందుకు జరపబోయాడు.

"ఏమప్పా, నీ మెట్టుకు కాళ్లొచ్చినాయా?" అంది ఆమె వసారాలోంచే. ఆ వైపు చెప్పును మెట్టు అంటారు. "పొద్దున ఆ స్తంభం కాడ ఉన్నింది, ఇప్పుడు ఈడికొచ్చిండాది."

"గాలికి జరిగింటుందిలే అక్కా."

"గాలికి మెట్టే జరిగితే నీకు విత్తనమెందుకప్పా? మీ గుట్ట మీద ఇంకో కరెంటు గాలిమర పెట్టుకో పో."

వసారా అంతా నవ్వింది. అతనూ నవ్వి చెప్పు వెనక్కి పెట్టాడు. మా అసిస్టెంటు నా చెవిలో అన్నాడు. "మన ఆఫీసు సీనియారిటీ లిస్టు కంటే ఇది నయముండాది సార్. కోర్టుకు పోయేవాడు లేడు."

ఆ సాయంత్రం వాన పడింది. దుక్కి తడిసే వాన. బడి వసారాలో అంతమందీ లేచి నిలబడ్డారు కానీ ఎవరూ కేక వేయలేదు. వాన కోసం ఏడాదంతా ఎదురుచూసిన మనుషులు వాన పడుతుంటే భయపడటం నేను చూసింది అక్కడే. చేతిలో విత్తనం లేనివాడికి వాన ఒక గడువు.

తెల్లారి లారీలు వచ్చాయి. సంచులు గోదాములోకి దించాము. వాటితోపాటే పై నుంచి ఫోను కూడా వచ్చింది. విత్తనాల పంపిణీని ఒక పెద్దమనిషి ప్రారంభిస్తారు, ఆయనకు రేపు వీలవుతుంది, అందాకా ఒక్క సంచి కూడా కదలకూడదు.

"ఒక్క రోజే కదయ్యా, ఓపిక పట్టమను," అన్నారు మా పై అధికారి.

పదును సంగతి చెప్పబోయాను. ఆయనా వ్యవసాయం చదువుకున్నవారే. "నాకు తెలీదా ఏమిటి?" అని పెట్టేశారు. తెలుసు. అదే కష్టం.

అసిస్టెంటు గోదాము తాళం చేతిలో ఆడిస్తూ అన్నాడు. "కార్తె చూసి విత్తేది మూఢనమ్మకమని ఊరూరా చెప్తారు కదా సార్. ముహూర్తం చూసి ఇచ్చేదాన్నేమంటారు?"

అప్పటికే ఆ కంబదూరు ఆమె మా ముందుకు వచ్చి నిలబడింది. వెనక ఇంకో పదిమంది.

"లారీలు వచ్చినాయి కదా సార్, మల్ల తలుపు తీయరేమి?"

"రేపిస్తామమ్మా. ప్రారంభం ఉంది."

"ఆయప్ప వచ్చేదాకా పదును ఆగుతాదా? మీరు చదువుకున్నోళ్లు, ఆగుతాదంటే చెప్పండి, మేము పోయి పండుకుంటాము."

"ఆగదు," అన్నాను.

ఆమె వెనక్కి తిరిగి వాళ్లతో అంది. "ఈ సారు అబద్ధం చెప్పలేదప్పా. రాండి. రేపు పొద్దున ఇస్తే మాపటికి విత్తచ్చు. ఎవురూ నోరు పారేసుకోవద్దండి." వాళ్లు వెళ్లిపోయారు. వరుస అలాగే ఉంది. తడిసిన చెప్పులు ఎండకు ఆరుతున్నాయి.

మర్నాడు పొద్దున జరిగింది మీకు చాలా చిన్న విషయంగా తోచవచ్చు. పెద్దమనిషి వస్తున్నాడు కనుక యార్డు అద్దంలా ఉండాలని ఎవరో ఎవరికో చెప్పారు. వాళ్లు ఊడ్చే కూలీలకు చెప్పారు. రైతులు ముఖాలు కడుక్కోవడానికీ, టీ తాగడానికీ బోరింగు వైపు వెళ్లిన సమయంలో ట్రాక్టరు వచ్చింది. ఊడ్చేవాళ్ల కంటికి అక్కడ ఏముంది? తెగిన చెప్పులు, రాళ్లు, ముళ్లకంప, సొట్టపోయిన మూతలు. చెత్త. మొత్తం పారలతో ఎత్తి ట్రాలీలో వేసి, వెనక గోడ దగ్గర కుమ్మరించారు. నేను గోదాములో సంచుల పేర్పు చూస్తున్నాను. బయటికి వచ్చేసరికి నేల మీద నీళ్లు చల్లి ఉన్నాయి. వరుస ఉన్న చోట సున్నంతో ముగ్గు వేసి ఉంది.

అరవై దాటిన వయసులో కూడా ఆ ముగ్గు నాకు కలలోకి వస్తుంది.

రైతులు తిరిగి వచ్చారు. ముగ్గు ముందు నిలబడి చూశారు. తర్వాత ఎవరో "నా మెట్టు యాడ?" అన్నారు. అందరూ గోడ దగ్గరి గుట్ట మీదికి పరుగెత్తారు. చెప్పులు కొందరికి దొరికాయి. కానీ వాళ్లు వెతికేది చెప్పుల కోసం కాదు. ఇంతలో పొద్దుటి బస్సు దిగి నేరుగా వచ్చినవాళ్లు గోదాము తలుపు ముందు నిలబడి ఉన్నారు. ఎండలో వానలో కాచుకున్నవాడు చివరివాడు, అప్పుడే బస్సు దిగినవాడు మొదటివాడు. తోపులాట మొదలైంది.

బందోబస్తుకు వచ్చిన ఇన్‌స్పెక్టరు మైకులో కొత్త వరుస కట్టమన్నాడు. ఆమె జనంలోంచి తోసుకుంటూ ఆయన దగ్గరికి వెళ్లి చేతులు జోడించింది. నేను పక్కనే ఉన్నాను.

"ఎవురు ముందో ఎవురు వెనకో నేను చెప్తా సార్. రవ్వంత టైమియ్యండి. అందరినీ నిలబెడ్తా."

"నువ్వెవరు? లీడరువా?"

"లీడర్ని కాదు సార్. మెట్ల కాడ ఉన్నిందాన్ని."

ఆయన నవ్వాడు. పక్కనున్న కానిస్టేబులూ నవ్వాడు. "చెప్పులకు కూడా లీడరా? పో, పో, పక్కకు పో."

ఆ నవ్వు జనం విన్నారు. ఆ తర్వాత ఒక చెప్పు గాల్లోకి లేచింది. రాళ్లు తర్వాత వచ్చాయి. ఆఫీసు అద్దాలు పగిలాయి, షామియానా కూలింది, జీపు ముందు అద్దం పోయింది, లాఠీలు లేచాయి. పెద్దమనిషి సగం దారిలోనే వెనక్కి తిరిగారని తర్వాత తెలిసింది. గోదాముకు సీలు వేశారు. లోపల విత్తనం, బయట పదును, మధ్యలో తాళం.

మా అసిస్టెంటు నుదురు పగిలింది. తువ్వాలు అదిమిపట్టి ఆసుపత్రి బల్ల మీద కూర్చోబెట్టాను.

"ఎవరు కొట్టారో చూశావా?"

"చూసినా సార్. మా పక్క ఊరోడే. నిన్న నాకు బీడీ ఇచ్చినాడు."

"పోలీసులు అడిగితే పేరు చెప్తావా?"

"వాడు నన్ను కొట్టలే సార్. తలుపును కొట్టినాడు. నేను అడ్డముంటిని."

రెండు రోజుల తర్వాత అతిథిగృహంలో విచారణ. మా పై అధికారి, ఇన్‌స్పెక్టరు, నేను. మొదటి ప్రశ్న మీకు తెలుసు.

"వెనకాల ఎవరున్నారు?"

"వెనకాల వాళ్ల పొలాలున్నాయి సార్. ఆరిపోతున్నాయి."

"కవిత్వం వద్దయ్యా. ఏ పార్టీ? ఎవరి మనుషులు?" అన్నారు పై అధికారి.

"వాళ్ల వరుస ఊడ్చేశారు సార్. అది కారణం."

"చెప్పుల కోసం ఎవరైనా అద్దాలు పగలగొడతారా? ఎవరో ఎక్కించి ఉంటారు," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

నాకు ఆ క్షణంలో కప్పల పెళ్లి ఊళ్లు గుర్తొచ్చాయి. జ్వరం వచ్చిన పిల్లను ముందు కూర్చోబెట్టుకుని వేపమండతో కొడుతూ మంత్రగాడు అడిగేదీ ఇదే కదా? "చెప్పు, ఎవరు నువ్వు? ఎవరు పంపారు?" ఏదో ఒక పేరు చెప్పేదాకా దెబ్బలు ఆగవు. పేరు చెప్పగానే అందరికీ నిమ్మళం. జ్వరం మాత్రం అలాగే ఉంటుంది. దోమను చూడనివాడికి దయ్యం కనిపిస్తుంది, పదును చూడనివాడికి కుట్ర కనిపిస్తుంది. ఊళ్లలోని మూఢనమ్మకాల మీద ఇన్నేళ్లు గొంతు చించుకున్నాను. ఆఫీసుల్లోని ఈ నమ్మకం ముందు అవన్నీ పిల్లల ఆటలు. కప్పలకు పెళ్లి చేస్తే ఎవరూ జైలుకు పోరు.

నివేదికలో మూడు కారణాలు రాశాను. వరుస పంట నష్టాలు, విత్తనం ఆపడం, చెప్పుల వరుస తీసేయడం. మా పై అధికారి మూడోదాన్ని కొట్టేశారు. రెండోదాన్ని "అనివార్య కారణాల వల్ల" అని మార్చారు. మొదటిదాన్ని ఉంచారు, అది ఆకాశం తప్పు కనుక. రెచ్చగొట్టినవారి పేర్లు రాయాల్సిన చోటును నేను ఖాళీగా వదిలాను. ఆ ఖాళీ ఎక్కువసేపు నిలవలేదు. పోలీసులు జనాన్ని ఒక్కొక్కరినే పిలిచి, ఎవరి మాట వింటారని అడిగారు. అందరూ ఒకే జవాబిచ్చారు. అక్క మాట. అందరికీ తెలిసిన పేరు అదొక్కటే. మొదటి ముద్దాయి ఆమె.

స్టేషనుకు వెళ్లాను. కొట్లాట లేకుండా అన్ని రోజులు కాపాడింది ఆమేనని ఇన్‌స్పెక్టరుతో చెప్పాను.

"నేనూ అదే కదండీ చెప్పేది. ఆమె ఆగమంటే అంతమంది ఆగారంటే, కదలమంటే కదలరా?"



ఆమె బెయిలు మీద ఇంటికి చేరేసరికి పదునూ పోయింది, సీలు తీసి పంచిన విత్తనమూ అయిపోయింది. వెనక వానకు ఉలవలు చల్లుకుందట. నన్ను కిటికీలోంచి గుత్తి కోట కనిపించే ఒక గదికి బదిలీ చేశారు. అక్కడ పొలాలు లేవు, దస్త్రాలున్నాయి. కోటను చూస్తూ చాలా ఆలోచించాను. ఆకలి వల్లే మనిషి తిరగబడతాడని మా సభల్లో సులువుగా అనేవాళ్లం. అది సగమే నిజం. అందరికంటే చితికిపోయినవాళ్లు ఆ యార్డుకు రానే లేదు, సంసారాలు మూటగట్టుకుని ఎప్పుడో బెంగుళూరు బస్సెక్కారు. వాళ్లు ఒక్క రాయీ వేయలేదు. వచ్చినవాళ్లు ఇంకా సేద్యం మీద ఆశ వదలనివాళ్లు. ఏళ్ల తరబడి పంట పోతే ఓర్చుకున్నారు, లారీలు రాకపోతే ఓర్చుకున్నారు, ప్రారంభోత్సవపు రిబ్బను కోసం కూడా ఓర్చుకున్నారు. తమకు తాము కట్టుకున్న ఒక్క న్యాయాన్ని పారతో ఎత్తి పోసేసరికి ఓర్పుకు ఆనుకోవడానికి ఏమీ మిగల్లేదు. లేమి ఎండుగడ్డి వంటిది. అది పోగవుతుంటే మనం చూస్తూనే ఉంటాం. నిప్పురవ్వ పడ్డాకే దస్త్రం తెరుస్తాం.

కేసు ఏళ్లు నడిచింది. వాయిదా పడిన ప్రతిసారీ ఆమె కూలి వదులుకుని బస్సెక్కి వచ్చేది. నేను ప్రభుత్వం తరఫు సాక్షిని. పిలిచేసరికి నా ఉద్యోగ విరమణ కూడా అయిపోయింది. కోర్టు వసారాలో ఆమే నన్ను ముందు గుర్తుపట్టింది.

"ఏం సార్, ముసలోళ్లయిపోతిరే."

"నువ్వు మాత్రం?"

"నాకేం సార్, ముద్దాయిని. నాకు రిటైర్‌మెంటు లేదు."

లోపల సీలు వేసిన గోనెసంచి విప్పారు. గలాటాలో ముద్దాయిలు విసిరిన వస్తువులట. నేల మీద కుమ్మరిస్తే రాళ్ల కంటే చెప్పులే ఎక్కువ. జడ్జి కళ్లద్దాలు సవరించుకుని చూశారు.

"అన్నీ ఒంటివే ఉన్నాయేం? జత ఒక్కటీ లేదే?"

ఆ ప్రశ్న నన్నే అడిగారు. ఆ రోజు అతిథిగృహంలో ఎవరూ అడగని ప్రశ్న. ఒక్క చెప్పు ఎందుకు పెడతారో, రెండోది ఎక్కడ ఉంచుకుంటారో, ఆ చెప్పు అక్కడ ఉంటే ఏమని అర్థమో చెప్పాను. మొదటి చెప్పు ఎవరు విసిరారో చూడలేదని, ఆ సమయంలో ఆమె ఇన్‌స్పెక్టరు ముందు చేతులు జోడించి ఉందని చెప్పాను. జడ్జి రాసుకున్నారు. అప్పటికే మిగతా సాక్షులు ఏమీ గుర్తులేదన్నారు. భోజన విరామానికి ముందే కేసు కొట్టేశారు.

సంచి ఎత్తుకుపోతున్న కోర్టు బంట్రోతును ఆమె ఆపింది. వంగి, ఎర్ర వైరు చుట్టిన నీలం చెప్పును పైకి తీసింది.

"అప్పీలు గడువు దాటాక ఎట్లనూ తగలబెట్టేదే. తీసుకో పోమ్మా," అన్నాడతను.

"దీని జత ఎప్పుడో తెగిపాయ సార్," అంది నాతో. "ఒంటి మెట్టు ఏం చేసుకునేది?" అయినా కింద పడేయలేదు.

తీర్పు కాపీ చేతిలో ఉంటే గానీ ఊళ్లో ఎవరూ నమ్మరంది. కాపీలిచ్చే కిటికీ దగ్గరికి నడిచాము. భోజన విరామం, కిటికీ మూసి ఉంది. దాని ముందు అప్పటికే ఎవరిదో గొడుగు, ఎవరిదో చేతిసంచి వరుసలో ఉన్నాయి. ఆమె ఆ సంచి వెనక తన చెప్పు పెట్టింది. కాసేపటి కిందటి దాకా నేరానికి సాక్ష్యంగా ఉన్న చెప్పు. తర్వాత ఆవరణలో చెట్టు కిందికి పోయి సద్ది విప్పుకుంది. నేను వసారా బల్ల మీద కూర్చున్నాను. మోకాళ్లు నొప్పి, బస్సుకు ఇంకా సమయముంది.

వసారా చివర్నుంచి చీపురు చప్పుడు వినిపించింది. ఊడ్చే మనిషి తల వంచుకుని, తన పని తాను చేసుకుంటూ ఇటే వస్తోంది.

లేచి వెళ్లి ఆ చెప్పు పక్కన నిలబడ్డాను.